రాస్‌ప్‌బెర్రీ పై 4 మీద ఆరుగురు పిల్లలకు మైన్‌క్రాఫ్ట్ సర్వర్: లాగ్, సీజీనాట్, పై 5 కొనాలా అన్న ప్రశ్న

మీరు అడిగినవి మూడు విషయాలు. ఇంట్లో ఉన్న 8 జీబీ రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద, కంప్యూటర్లలో ఆడే మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు సర్వర్ పెట్టారు. మీ అబ్బాయి ఒక్కడే ఆడుతున్నంతసేపు బాగానే ఉంటోంది గానీ, నలుగురైదుగురు చేరేసరికి పగలగొట్టిన రాయి మళ్లీ ప్రత్యక్షమవుతోంది, జంతువులు కదలకుండా నిలబడిపోయి ఒక్కసారిగా ముందుకు దూకుతున్నాయి. ఈ తడబాటునే లాగ్ అంటారు. రెండోది, బయటివారి అభ్యర్థనలను సర్వర్‌కు చేర్చేలా రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా విజయవాడలోనే పక్క వీధిలో ఉన్న స్నేహితుడు గానీ, డాలస్‌లో ఉన్న మీ అన్నగారి అబ్బాయి గానీ లోపలికి రాలేకపోతున్నారు. తరువాతి మోడల్ అయిన పై 5 కొంటే ఈ రెండూ తీరిపోతాయా అన్నది మూడోది. మొదటి సమస్యకు పై 5 కొంతవరకు పనికొస్తుంది గానీ, అంతకంటే ముందు డబ్బు ఖర్చు లేకుండా చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. రెండో సమస్యకు ఏ బోర్డు కొన్నా ప్రయోజనం లేదు, ఆ అడ్డు చాలావరకు మీ ఇంటి బయట ఉంది.

మైన్‌క్రాఫ్ట్ సర్వర్ సెకనుకు 20 సార్లు తన లోకం మొత్తాన్ని ఒక అడుగు ముందుకు జరుపుతుంది. ఆ అడుగును టిక్ అంటారు. కాబట్టి ఒక టిక్‌కు దొరికే వ్యవధి 50 మిల్లీసెకన్లు. పంటలు పెరగడం, నీరు పారడం, గ్రామస్థులు దారి వెతుక్కోవడం, హాపర్లు వస్తువులను లాక్కోవడం, చీకట్లో జాంబీలు పుట్టడం, ఇవన్నీ ఆ 50 మిల్లీసెకన్లలో ముగిసిపోవాలి. 30లో ముగిస్తే సర్వర్ మిగతా 20 మిల్లీసెకన్లు ఊరికే ఆగి తరువాతి టిక్ మొదలుపెడుతుంది. 70 పడితే సెకనుకు 14 టిక్‌లకు మించి రావు, అప్పుడు ఆటలోని కాలమే నెమ్మదిస్తుంది. ఈ పనిలో ప్రధాన భాగం ఒకే థ్రెడ్ మీద, అంటే ఒకదాని తరువాత ఒకటిగా సాగే ఒకే పని వరుసలో నడుస్తుంది. మీ బోర్డులో నాలుగు కోర్లు ఉన్నా, టిక్ ఎంత త్వరగా ముగుస్తుందన్నది వాటిలో ఒక్కదాని వేగాన్ని బట్టి ఉంటుంది. సీపీయూ వాడకం మొత్తం మీద 30 శాతమే కనిపిస్తోందని మీరు రాశారు. నాలుగింటిలో ఒక కోర్ పూర్తిగా నిండిపోతే మొత్తంలో అది 25 శాతంగానే కనిపిస్తుంది కనుక, ఆ 30 శాతాన్ని చూసి బోర్డు తీరికగా ఉందని అనుకోకండి.

అందువల్ల సీపీయూ శాతాన్ని పక్కన పెట్టి, టిక్ వ్యవధిని చూడటం అలవాటు చేసుకోండి. మీరు వాడుతున్నది ఆట తయారీ కంపెనీ మోజాంగ్ ఇచ్చే అసలు సర్వర్ అయితే, 1.20.3 నుంచి అందులో 'టిక్ క్వెరీ' అనే కమాండ్ ఉంది. దానికి బదులు పేపర్ అనే వేరే సర్వర్ ప్రోగ్రాంకు మారమని నేను గట్టిగా చెబుతాను. అదే లోకాన్ని, అదే ఆటను అది తక్కువ శ్రమతో నడుపుతుంది, చిన్న బోర్డు మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. ఒక్క మాట: ఆటలోని కొన్ని లోపాలను వాడుకుని వస్తువులను రెండింతలు చేసే పద్ధతులను పేపర్ అడ్డుకుంటుంది కాబట్టి, పిల్లలు అటువంటివి కట్టి ఉంటే అవి పని చేయవు. మారే ముందు లోకం ఫోల్డర్‌ను ఒకచోట కాపీ చేసి పెట్టుకోండి.

పేపర్‌లో 'ఎంఎస్‌పీటీ' అని కొడితే గత 5 సెకన్లకు, 10 సెకన్లకు, ఒక నిమిషానికి టిక్ వ్యవధి సగటు, కనిష్ఠం, గరిష్ఠం విడివిడిగా చూపుతుంది. రోగ నిర్ణయం దాదాపు అంతా ఈ అంకెల్లోనే ఉంది. సగటు 25 ఉండి గరిష్ఠం 600 దాకా ఎగురుతుంటే, రోజువారీ పని సాఫీగా సాగుతోందని, మధ్యలో ఏదో ఒక పెద్ద పని వచ్చి పడుతోందని అర్థం. కొత్త భూభాగం తయారు కావడం, డిస్కు మీద రాత, జావా తన మెమరీని శుభ్రం చేసుకోవడం, ఈ మూడింటిలో ఒకటి కారణమై ఉంటుంది. గరిష్ఠం మామూలుగానే ఉండి సగటే 48, 55 దగ్గర తిరుగుతుంటే మోత నిరంతరమైనది, అంటే జంతువులు, గ్రామస్థులు, హాపర్లు, రెడ్‌స్టోన్ యంత్రాలు ఎక్కువయ్యాయన్నమాట. రెండు అంకెలూ బాగుండి ఒక్క పిల్లవాడికే ఆట ఆగుతోందంటే సర్వర్ తప్పు లేదు, అతని వైఫై గానీ నెట్ గానీ చూసుకోవాలి. సర్వర్ ఆగితే అందరికీ ఒకే క్షణంలో ఆగుతుంది.

మీ లక్షణాలు చూస్తే మొదటి రకమే అనిపిస్తోంది, అందులోనూ కొత్త భూభాగం తయారీయే. మైన్‌క్రాఫ్ట్ లోకం 16 అడ్డం, 16 నిలువు దిమ్మెల చంక్‌లుగా విభజించి ఉంటుంది. ఎవరూ అడుగుపెట్టని చంక్ డిస్కులో ఉండదు. ఆటగాడు దగ్గరికి వచ్చినప్పుడే కొండలు, గుహలు, ఖనిజాలు, చెట్లు, ఊళ్లు లెక్కగట్టి దాన్ని తయారు చేయాలి. ఒకరు నడుచుకుంటూ వెళ్తే ఆ పని మెల్లగా సాగుతుంది. ఒక పిల్లవాడు ఎలిట్రా రెక్కలు కట్టుకుని, చేతిలో బాణసంచా కాలుస్తూ ఒకే దిక్కుకు ఎగిరాడనుకోండి. అతను సెకనుకు సుమారు రెండు చంక్‌లు దాటుతాడు. దాటిన ప్రతిసారీ అతని ముందు ఒక పూర్తి వరుస కొత్త చంక్‌లు కావాలి. వ్యూ డిస్టెన్స్ 10 ఉంటే ఆ వరుసలో 21 ఉంటాయి, అంటే సెకనుకు 40కి పైగా. పై 4 ఆ వేగాన్ని అందుకోలేదు. పేపర్ ఈ తయారీని వేరే థ్రెడ్లకు అప్పగిస్తుంది, అయినా ఉన్న నాలుగు కోర్లను, ఒకే మెమరీ దారిని ఆ థ్రెడ్లు, ప్రధాన థ్రెడ్, జావా శుభ్రకారుడు అందరూ పంచుకోవాలి. అప్పుడే కన్సోల్‌లో 'కాన్ట్ కీప్ అప్' అనే హెచ్చరిక, ఇన్ని మిల్లీసెకన్లు వెనకబడ్డానన్న అంకెతో సహా వస్తుంది. ఎక్కడో ఎగురుతున్న ఒక్కడి వల్ల ఇంటి దగ్గర గోధుమ కోసుకుంటున్న అయిదుగురికీ ఆట ఆగుతుంది.

దీనికి మందు, పిల్లలు నిద్రపోయాక భూభాగాన్ని ముందుగానే తయారు చేయించి పెట్టడం. చంకీ అనే ప్లగిన్ (పేపర్‌కు జోడించే చిన్న ప్రోగ్రాం) ఆ పని చేస్తుంది. లోకం మధ్య నుంచి నాలుగు వైపులా 2,000 దిమ్మెల దూరం అని చెబితే, 4,000 అడ్డం 4,000 నిలువు వైశాల్యం, అంటే 62,500 చంక్‌లు అవుతాయి. మీ బోర్డు సెకనుకు పది చంక్‌లు చేసినా గంటా నలభై అయిదు నిమిషాలలో అయిపోతుంది, అయిదే చేసినా ఒక రాత్రికి సరిపోతుంది. తరువాత వరల్డ్ బోర్డర్‌ను, అంటే ఆటగాళ్లు దాటలేని సరిహద్దును, 4,000 వెడల్పుకు కట్టేయండి. ఆరుగురు పిల్లలకు ఆ చోటు తక్కువేమీ కాదు, ముందు ముందు పెంచాలంటే మళ్లీ ఒక రాత్రి చంకీని నడిపి సరిహద్దు జరపవచ్చు. ఆటలో నెదర్ అనే రెండో లోకంలో ఒక దిమ్మె బయటి లోకంలో ఎనిమిదింటికి సమానం గనుక అక్కడ చాలా తక్కువ చాలు. ఈ ఒక్క పని చేశాక గరిష్ఠ అంకె ఎంత పడిపోతుందో మీరే చూడండి. పై మీద సర్వర్ పెట్టిన ఎవరికైనా నేను ముందు చెప్పేది ఇదే, అయినా ఎక్కువమంది దీన్ని వదిలేసి జావా ఆప్షన్లతో కుస్తీ పడుతుంటారు.

ఆ తరువాతిది దూరాల లెక్క. సెట్టింగులలో వ్యూ డిస్టెన్స్, సిమ్యులేషన్ డిస్టెన్స్ అని రెండు ఉంటాయి, రెండింటికీ మొదట 10 ఉంటుంది. మొదటిది ఆటగాడికి ఎంత దూరం కనిపించాలో చెబుతుంది, రెండోది ఎంత దూరం వరకు పంటలు, ప్రాణులు సజీవంగా నడవాలో చెబుతుంది. 10 అంటే ఆటగాడి చుట్టూ 21 వరుసల 21, అంటే 441 చంక్‌లు. సిమ్యులేషన్‌ను 4కు తగ్గిస్తే 81 చంక్‌లే మిగులుతాయి. ఆరుగురూ ఆరు చోట్ల ఉంటే 2,646కు బదులు 486 చంక్‌ల పని. వ్యూ డిస్టెన్స్‌ను 6 లేదా 7 దగ్గర ఉంచండి, అంతకంటే తగ్గిస్తే పొగమంచులో ఆడినట్టుంటుందని పిల్లలు ఊరుకోరు. సిమ్యులేషన్ 4 ఉన్నప్పుడు దూరంగా కట్టుకున్న కొన్ని పంటల, ప్రాణుల ఫారాలు ఆగిపోతాయి, ఆ విషయం వారికి ముందే చెప్పండి. రాక్షసుల గరిష్ఠ సంఖ్య బకిట్ సెట్టింగుల ఫైలులో 70 అని ఉంటుంది, దాన్ని 35కు తగ్గించినా రాత్రిళ్లు భయం పోదు. ఇన్ని చేశాక కూడా సగటు ఎక్కువగానే ఉంటే స్పార్క్ అనే సాధనంతో ఏ పనికి ఎంత సమయం పోతోందో చూడవచ్చు, పేపర్ కొత్త వెర్షన్లలో అది లోపలే ఉంటుంది. చాలాసార్లు అది ఒక ఇరుకు గదిలో పెట్టిన అరవై గ్రామస్థులనో, ఎవరో ఎప్పుడో పెంచి మరిచిపోయిన కోళ్ల గుంపునో చూపిస్తుంది.

మెమరీ సంగతి త్వరగా చెప్పేస్తాను. 8 జీబీ ఉంది కదా అని 7 జీబీ జావాకు ఇవ్వకండి. ఆరుగురికి 3 నుంచి 4 జీబీ చాలు, కనిష్ఠం గరిష్ఠం రెండూ ఒకే అంకె పెట్టండి. మిగిలినదాన్ని లైనక్స్ డిస్కు కాషేగా వాడుకుంటుంది, చంక్‌లు చదవడానికి అది నేరుగా ఉపకరిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ 64 బిట్‌ది, డెస్క్‌టాప్ లేని లైట్ రకం అయి ఉండాలి. మైన్‌క్రాఫ్ట్ 1.20.5 నుంచి కనీసం జావా 21 కావాలి. బుక్‌వర్మ్ అనే డెబియన్ లైనక్స్ వెర్షన్ ఆధారంగా వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై ఓఎస్‌లో దొరికేది జావా 17 కాబట్టి, అక్కడ టెమురిన్ అనే ఉచిత జావా ప్యాకేజీని వేసుకోవాలి.

ఎస్‌డీ కార్డు మీద లోకాన్ని పెట్టవద్దు. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. కెమెరాలో ఫొటోలు వరుసగా రాయడానికి ఆ కార్డు బాగుంటుంది. మైన్‌క్రాఫ్ట్ మాత్రం వేరువేరు ఫైళ్లలో వేరువేరు చోట్ల చిన్న చిన్న ముక్కలు రాస్తూనే ఉంటుంది, ఆ పనిలో కార్డు నెమ్మదిగా ఉంటుంది, త్వరగా అరిగిపోతుంది. రాత మధ్యలో కరెంటు పోతే కార్డు మొత్తం చదవడానికి వీలు లేకుండా పోవచ్చు. పై 4కు నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులు ఉన్నాయి, ఒక చిన్న సాటా ఎస్‌ఎస్‌డీని, యూఎస్‌బీ అడాప్టర్‌ను కొని అక్కడ పెట్టండి. ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా దాని నుంచే బూట్ చేసుకోవచ్చు. అయితే పై 4లో యూఎస్‌బీ పోర్టులన్నింటికీ కలిపి 1.2 యాంపియర్లకు మించి ఇవ్వలేదు కాబట్టి, అదే బోర్డుకు పెద్ద హార్డ్ డిస్కు కూడా తగిలించకండి. యూఎస్‌బీ 3 పరికరాలు 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అంతరాయం కలిగిస్తాయి. దానివల్లనే కాక మామూలుగా కూడా, సర్వర్‌ను రౌటర్‌కు ఈథర్నెట్ కేబుల్‌తోనే కలపాలి.

ఇక కరెంటు, వేడి. మీరు మొబైల్ ఛార్జర్‌తో నడుపుతున్నానని రాశారు. పై 4కు 5.1 వోల్టుల దగ్గర 3 యాంపియర్లు ఇచ్చే అడాప్టర్ ఉండాలి. చాలా మొబైల్ ఛార్జర్లు మోత పెరిగినప్పుడు 5 వోల్టుల కంటే దిగిపోతాయి, సన్నటి కేబుల్ అయితే ఇంకా దిగుతుంది. దాదాపు 4.63 వోల్టుల దిగువకు వెళ్లగానే బోర్డు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఉష్ణోగ్రత 80 డిగ్రీలు చేరినా అంతే చేస్తుంది. ఈ తగ్గింపు ఆటలో లాగ్‌గా కనిపిస్తుంది గానీ, మైన్‌క్రాఫ్ట్ కన్సోల్‌లో దాని జాడ ఎక్కడా ఉండదు. 'వీసీజెన్‌సీఎమ్‌డీ' కమాండ్‌ను 'గెట్ థ్రాటిల్డ్' అన్న మాటతో నడిపితే ఒక సంఖ్య వస్తుంది. సున్నా అయితే ఏ ఇబ్బందీ లేదు. చివర 50005 అని వస్తే ఈ క్షణంలోనే వోల్టేజీ తక్కువగా ఉండి వేగం తగ్గిందని, బూట్ అయిన తరువాత ఇంతకు ముందు కూడా అలా జరిగిందని అర్థం. 50000 అయితే ఇప్పుడు బాగానే ఉంది గానీ ఇంతకుముందు జరిగింది. ఆరుగురూ ఆడుతున్న సమయంలోనే ఈ కమాండ్ ఇచ్చి చూడండి. మే నెలలో విజయవాడలో మూసిన చెక్క అరలో, రౌటర్ పైన, ఫ్యాన్ లేని ప్లాస్టిక్ పెట్టెలో ఉన్న బోర్డు 80 డిగ్రీలు దాటడం పెద్ద విషయం కాదు. హీట్‌సింక్, చిన్న ఫ్యాన్ రెండూ ఉండాలి, గాలి ఆడాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయినప్పుడల్లా పై రీబూట్ అవుతోందంటే, ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని ఒక స్విచ్ ఉందేమో చూడండి. యూపీఎస్ మోడ్‌లో మార్పిడి చాలా త్వరగా జరుగుతుంది, చాలా అడాప్టర్లు ఆ కొద్ది వ్యవధిని తట్టుకుంటాయి. ఇన్వర్టర్ మీద అదనపు భారం లెక్కపెట్టదగినది కాదు. ఎప్పుడూ ఆరు వాట్లు తీసుకున్నా నెలకు నాలుగైదు యూనిట్లే. సర్వర్‌ను లైనక్స్‌లో ప్రోగ్రాములను తానే మొదలుపెట్టి ఆపే సిస్టమ్‌డీలో ఒక సేవగా పెడితే కరెంటు వచ్చాక తానే లేస్తుంది, బోర్డును పద్ధతిగా ఆపినప్పుడు లోకాన్ని భద్రపరిచి ఆగుతుంది. బ్యాకప్ తీసేటప్పుడు నడుస్తున్న ఫైళ్లను అలాగే కాపీ చేయకూడదు. ముందు 'సేవ్ ఆఫ్', తరువాత 'సేవ్ ఆల్ ఫ్లష్', అప్పుడు కాపీ, చివరికి 'సేవ్ ఆన్', ఈ వరుస పాటించాలి. కాపీ మరో డిస్కు మీదకు గానీ మరో కంప్యూటర్‌లోకి గానీ వెళ్లాలి. అలా తీసిన ఒక కాపీని మీ ల్యాప్‌టాప్‌లో తెరిచి చూస్తే తప్ప, అది పనికొస్తుందో లేదో తెలియదు.

రెండో ప్రశ్నకు వస్తాను. జావా ఎడిషన్ సర్వర్ టీసీపీ 25565 పోర్టు మీద వింటుంది, దాన్ని మీరు రౌటర్‌లో సరిగానే తెరిచారు. రౌటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కు ఇచ్చిన అడ్రస్) 100.72తో మొదలవుతోందని మీరే రాశారు, విషయమంతా అక్కడే ఉంది. 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రసులను నెట్ కంపెనీలు తమ లోపలి వాడకానికి పెట్టుకోవాలని 2012లో కేటాయించారు. ప్రపంచంలో ఐపీవీ4 అడ్రసులు చాలక, కంపెనీలు అనేక ఇళ్లకు కలిపి ఒకే బయటి అడ్రస్ ఇస్తాయి. దీన్నే సీజీనాట్ అంటారు. వంద ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌కు వీధి చిరునామా ఒక్కటే రాసి ఫ్లాట్ నంబరు రాయకపోతే ఉత్తరం గేటు దగ్గరే ఆగిపోయినట్టు, మీ స్నేహితుడి అభ్యర్థన కంపెనీ పరికరం దగ్గరే ఆగిపోతోంది. మీ రౌటర్‌లో ఏం మార్చినా ఆ పరికరానికి తెలియదు. వాన్ ఐపీ 192.168తోనో 10తోనో మొదలయ్యే వారిది వేరే సంగతి. వారికి చాలావరకు కేబుల్ ఆపరేటర్ బిగించిన ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే పెట్టె) ఒక రౌటర్‌గా, వారు కొన్నది రెండో రౌటర్‌గా పని చేస్తుంటాయి. ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లోకి, అంటే రౌటర్‌గా పని చేయని స్థితిలోకి, మార్పిస్తే అది తీరుతుంది.

సీజీనాట్‌ను దాటడానికి నాలుగు దారులున్నాయి, నేను మెచ్చే వరుసలో చెబుతాను. ఆడేది తెలిసిన పిల్లలే కాబట్టి మొదటిది టెయిల్‌స్కేల్ లేదా జీరోటైర్ వంటి ప్రైవేట్ నెట్‌వర్క్. పై మీద, ప్రతి పిల్లవాడి కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రాం వేస్తారు, అవి తమలో తాము ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. బయటి ప్రపంచానికి ఏ పోర్టూ తెరిచి ఉండదు, అందుకే పిల్లల సర్వర్‌కు ఇది నాకు అన్నింటికంటే ఇష్టం. టెయిల్‌స్కేల్ కూడా తన పరికరాలకు 100.64 నుంచి 100.127 మధ్య అడ్రసులే ఇస్తుంది. వాటిని రౌటర్ పేజీలో చూసిన అడ్రస్‌తో కలగలిపి తికమక పడకండి. రెండో దారి ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రసులు. ఆ అడ్రసులకు కొరత లేదు, అందుచేత సీజీనాట్ అవసరమూ లేదు. మీ కంపెనీ ఐపీవీ6 ఇస్తుంటే, రౌటర్ ఐపీవీ6 ఫైర్‌వాల్‌లో రాస్‌ప్‌బెర్రీ పై అడ్రస్‌కు 25565 తెరిస్తే చాలు. అవతలివారికి కూడా ఐపీవీ6 ఉండాలి, మీ అడ్రస్ మారుతుంటే, మారిన అడ్రస్‌ను ఒకే పేరుకు ముడిపెట్టే డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకోవాలి. మూడోది, నెట్ కంపెనీని అడిగి అదనపు రుసుముతో స్టాటిక్ పబ్లిక్ ఐపీ, అంటే మీకే చెందిన, మారని బయటి అడ్రస్ తీసుకోవడం. నాలుగోది, ముంబయిలో ఒక చిన్న వీపీఎస్ (నెట్‌లో ఉండే అద్దె సర్వర్) తీసుకుని వైర్‌గార్డ్ అనే ప్రోగ్రాం వేసే రహస్య సొరంగం ద్వారా దాని పోర్టును మీ రాస్‌ప్‌బెర్రీ పై దాకా తేవడం, లేదా అదే పనిని సేవగా అందించే ప్లేఇట్ వంటి వాటిని వాడటం. ఇలా సొరంగం గుండా వచ్చే ఆటగాళ్లందరూ మీ సర్వర్‌కు ఒకే ఐపీ నుంచి వచ్చినట్టు కనిపించవచ్చు, అటువంటప్పుడు ఒకరిని ఐపీ ద్వారా నిషేధిస్తే అందరూ బయటే ఉండిపోతారు. నిషేధాలు పేరు మీదే పెట్టండి.

డాలస్ బాబు విషయంలో ఏ దారి ఎంచుకున్నా దూరం దూరమే. విజయవాడకూ డాలస్‌కూ మధ్య భూమి మీద సుమారు 14,500 కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకు దాదాపు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది గనుక, కేబుల్ తిన్నగా వేసినా వెళ్లిరావడానికి 145 మిల్లీసెకన్లు పడుతుంది. కేబుళ్లు సముద్రాల చుట్టూ తిరిగి వెళ్తాయి కాబట్టి 250 చుట్టుపక్కల వస్తే ఆశ్చర్యపోకండి. ఇల్లు కట్టడానికి, గని తవ్వడానికి అది పెద్దగా అడ్డు రాదు. ఒకరితో ఒకరు కత్తియుద్ధం చేసే ఆటలో మాత్రం అతనికి అన్యాయమే జరుగుతుంది. ఆ ఆటలు ఆడే రోజు అతన్ని వేరే పాత్రలో ఉంచమని పిల్లలకు చెప్పండి.

భద్రత గురించి మీరు అడగలేదు, కానీ పిల్లలు ఆడే చోటు కనుక చెప్పకుండా ఉండలేను. వచ్చినవారి ఖాతా అసలైనదో కాదో సరిచూసే ఆన్‌లైన్ మోడ్‌ను ఆపివేయవద్దు. కొనుక్కోని లాంచర్లతో వచ్చే స్నేహితుల కోసం చాలామంది దాన్ని ఆపుతారు. అప్పుడు పేరును ఎవరూ సరిచూడరు, ఎవరైనా మీ అబ్బాయి పేరు పెట్టుకుని లోపలికి వచ్చి, అతనికున్న ఆపరేటర్ అధికారాలన్నీ వాడుకోగలరు. వైట్‌లిస్ట్, అంటే లోపలికి రానివ్వాల్సిన పేర్ల జాబితా, తప్పక పెట్టండి. పబ్లిక్ ఐపీ మీద 25565 తెరిచిన సర్వర్లను ఇంటర్నెట్ అంతా వెతుకుతూ తిరిగే ప్రోగ్రాములున్నాయి, ఎవరికీ చెప్పలేదు కదా అన్న ధీమా పనికిరాదు. బోర్డును దూరం నుంచి నడిపే ఎస్ఎస్‌హెచ్ పోర్టును గానీ, మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌కు దూరం నుంచి కమాండ్లు ఇచ్చే ఆర్‌కాన్ వాడే 25575ను గానీ ఎన్నడూ బయటికి తెరవకండి. ఆర్‌కాన్ పాస్‌వర్డ్‌ను ఏ మరుగూ లేకుండా పంపుతుంది. సర్వర్‌ను సూడో అధికారం (బోర్డులో ఏదైనా మార్చగల అధికారం) లేని ప్రత్యేక యూజర్ పేరుతో నడపండి. 2021 డిసెంబరులో బయటపడిన లాగ్4షెల్ లోపంతో, మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో ఒక వాక్యం రాసి సర్వర్ నడిచే యంత్రాన్నే చేజిక్కించుకోగలిగారు. 1.18.1లో దాన్ని సరిచేశారు, 1.7 నుంచి 1.18 దాకా ఉన్న పాత వెర్షన్లకు విడిగా దిద్దుబాటు చేసుకోవాల్సి వచ్చింది. పిల్లలు ఏదో పాత వెర్షన్ కావాలని అడిగినప్పుడు ఇది గుర్తుంచుకోండి.

ఫోన్లలో ఆడే ఇద్దరున్నారన్నారు. ఫోన్‌లో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్, అది జావా సర్వర్‌లోకి నేరుగా రాలేదు. మోజాంగ్ ఇచ్చే బెడ్‌రాక్ సర్వర్ ఇంటెల్, ఏఎండీ తరహా 64 బిట్ ప్రాసెసర్ల కోసం తయారైనది కాబట్టి పై మీద నేరుగా నడవదు. పేపర్‌లో గైజర్, ఫ్లడ్‌గేట్ అనే రెండు ప్లగిన్లు వేస్తే వారు యూడీపీ 19132 పోర్టు ద్వారా అదే లోకంలోకి వస్తారు. వారి పేర్ల ముందు ఒక చుక్క చేరుతుంది, వారిని వైట్‌లిస్ట్‌లో చేర్చడానికి ఫ్లడ్‌గేట్‌కు వేరే కమాండ్ ఉంది. రెండు భాషల మధ్య అనువాదం చేసే గైజర్ కొంత సీపీయూ తింటుంది, ఇద్దరికి ఫరవాలేదు.

మిగతా ఆటలకు కూడా ఇదే కొలబద్ద. వాల్‌హైమ్, ఫ్యాక్టోరియో సర్వర్లు ఇంటెల్ తరహా ప్రాసెసర్లకే వస్తాయి. బాక్స్64 అనే అనువాదకంతో వాటిని పై మీద లేపవచ్చు గానీ, అసలే చాలీచాలని కోర్ వేగంలో ఒక భాగం అనువాదానికే పోతుంది. పై 5 మీద అయితే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) మెమరీని 16 కేబీ పేజీలుగా వాడటం వల్ల ఇటువంటి ప్రోగ్రాములు కొన్ని మొరాయిస్తాయి, 4 కేబీ కెర్నల్‌కు మారితే దారికొస్తాయి. పైలో ఉండే ఆర్మ్ తరహా ప్రాసెసర్ మీద సొంతంగా, తేలికగా నడిచేవి కావాలంటే ఓపెన్‌టీటీడీ, మిండస్ట్రీ ఉన్నాయి. మైన్‌క్రాఫ్ట్ తరహాలోనే, ఎవరూ ఏమీ కొనక్కర్లేకుండా ఆడగలిగే లువాంటీ కూడా ఉంది. 2024 వరకు దాని పేరు మైన్‌టెస్ట్. మీ చిన్నమ్మాయి తరగతి పిల్లలకు అదే సరైనదని నా అభిప్రాయం.

ఇప్పుడు పై 5 సంగతి. దానిలోని కార్టెక్స్ ఏ76 కోర్లు 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి, పై 4తో పోలిస్తే రెండు నుంచి మూడు రెట్ల వేగమని తయారీదారులు చెబుతారు. టిక్ లెక్కలో ఆ లాభం నేరుగా కనిపిస్తుంది. కానీ 5 యాంపియర్ల అడాప్టర్, కూలర్, ఎన్‌వీఎంఈ తరహా వేగవంతమైన డిస్కు పెట్టుకునే అదనపు బోర్డు, ఆ డిస్కు అన్నీ కలిపితే ఖర్చు ఆఫీసుల నుంచి తీసేసిన ఒక సెకండ్ హ్యాండ్ మినీ పీసీ ధరకు దగ్గరవుతుంది. ఆ మినీ పీసీలో కోర్ వేగం ఇంకా మెరుగ్గా ఉండటమే కాక, వాల్‌హైమ్, ఫ్యాక్టోరియో, బెడ్‌రాక్ ఏవైనా అనువాదకం లేకుండా నడుస్తాయి. పై 5కు మిగిలే మేలు తక్కువ కరెంటు, చిన్న పరిమాణం, నిశ్శబ్దం. అవి మీకు ముఖ్యమైతే కొనండి. వంద మోడ్‌లు (ఆటను మార్చే అదనపు ప్రోగ్రాములు) కలిపిన మోడ్‌ప్యాక్ నడపాలని పిల్లలు అడుగుతుంటే ఏ పై మీదా దానికి సిద్ధపడకండి.

ప్రస్తుతానికి మాత్రం అడాప్టర్, ఫ్యాన్, ఎస్‌ఎస్‌డీ ఈ మూడే కొనండి, మూడూ ఎలాగూ అవసరమైనవే. పేపర్‌కు మారి, ఒక రాత్రి చంకీని నడిపి, సరిహద్దు కట్టి, దూరాలు తగ్గించి, ఆరుగురూ చేరే ఆదివారం మధ్యాహ్నం ఎంఎస్‌పీటీ అంకెలు రాసుకోండి. ఒక నిమిషం సగటు 40 లోపు ఉంటే మీ పై 4 చాలు. అప్పటికీ 50 దాటుతుంటే ఆ అంకెలతో పాటు స్పార్క్ నివేదికను, థ్రాటిల్డ్ కమాండ్ ఇచ్చిన సంఖ్యను నాకు పంపండి, ఏ భాగం బరువవుతోందో చూసి చెబుతాను.